రాష్ట్ర రాజకీయాలలో పార్టీలు – మన ఓటు

ప్రజాస్వామ్యంలో ప్రజలే ప్రభువులు అన్న మాట మనం బడిలో చేరిన నాటి నుండి వింటున్నదే. పౌరశాస్త్రం పుస్తకంలో ఆ వాక్యం కింద గీత గీసుకున్నాము. పరీక్షలో వ్రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాము. కాని ఎన్నికల రోజులలో మా వీధులలో కనిపించే దృశ్యానికీ, ఆ వాక్యానికీ పొత్తు కుదరదు. పోలింగుకు ఒకటి రెండు రాత్రుల ముందు ఎవరో ఒక పెద్దమనిషి ఇంటి ముందర కుర్చీలు వేస్తారు. చాయ్ వస్తుంది. ఒక పార్టీ అభ్యర్థి గాని, అతని తరఫు మనిషి గాని వచ్చి అర్ధగంట కూర్చుని వెళ్తారు. మరునాటి ఉదయానికి "మన మొహల్లా ఓట్లన్నీ ఫలానా వారికే" అన్న వార్త ఇంటింటికీ చేరుతుంది. ఆ సమావేశంలో మా తల్లులు లేరు. మా అక్కచెల్లెళ్ళు లేరు. మొదటిసారి ఓటు వచ్చిన మేమూ లేము. అయినా మా ఓటు ఎవరిదో తేలిపోయింది.

ప్రభువుల మాట ప్రభువులను అడగకుండానే తేలిపోవడం మాకు వింతగా తోచింది. ఆ వింతను గురించి నలుగురం కూర్చుని మాట్లాడుకున్నాము, గ్రంథాలయంలో పాత పుస్తకాలు, ఎన్నికల లెక్కలు తిరగవేశాము. ఆ ప్రయత్నంలో మాకు తోచిన అభిప్రాయాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము. మా ఉద్దేశం ఏ పార్టీనీ పొగడటం కాదు, ఏ పార్టీనీ తెగడటం కాదు. పార్టీలు మనకు అవసరం. కాని మనం ఏ పార్టీకీ సొత్తు కాము. మేము చెప్పదలచినది ఇంతే.

ముందుగా పార్టీల అవసరాన్ని ఒప్పుకొందాము. "రాజకీయాలంటేనే అసహ్యం, పార్టీలన్నీ ఒకటే" అని మూతి ముడుచుకోవడం మన విద్యావంతులలో ఒక ఫ్యాషను. పార్టీలే లేని శాసనసభను ఒకసారి ఊహించండి. 175 మంది సభ్యులు 175 దిక్కులకు లాగితే బడ్జెట్టు గట్టెక్కదు, మంత్రివర్గం వారం నిలవదు. ఎవరిని నమ్మి గెలిపించామో, ఎవరిని నిలదీయాలో ఓటరుకు తెలియదు. పార్టీ ఒక కార్యక్రమాన్ని చెప్పి ఓటు అడుగుతుంది. అది జరగనినాడు బాధ్యత ఎవరిదో ఆ జెండాను బట్టి మనకు తెలుస్తుంది. పార్టీ వలన ప్రజలకు కలిగే మొదటి ప్రయోజనం ఇదే.

మన తెలుగు ప్రాంతాలలో ఈ వ్యవస్థ ఒక్కరోజున పుట్టినది కాదు. మద్రాసు రాజధానిలో 1920లో జరిగిన ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించగా జస్టిస్ పార్టీ గెలిచింది. తెలుగువారైన పానగల్ రాజా 1921 నుండి 1926 వరకు ముఖ్యమంత్రిగా ఉన్నారు. 1935 చట్టం కింద 1937లో జరిగిన ఎన్నికలలో మద్రాసు శాసనసభలోని 215 స్థానాలలో 159 గెలిచి కాంగ్రెసు అధికారానికి వచ్చింది. ఆనాడు ఓటు అందరికీ లేదు. పన్ను కట్టేవారికి, ఆస్తి ఉన్నవారికి, కొంత చదువుకున్నవారికి మాత్రమే ఆ భాగ్యం. అంతేకాదు, 1909 సంస్కరణల నుండి ముస్లింలకు వేరే ఓటర్ల జాబితా ఉండేది. ముస్లిం ఓటరు ముస్లిం అభ్యర్థికే ఓటు వేయాలి. తక్కినవారి ఓటుతో అతనికి పని లేదు, అతని ఓటుతో తక్కినవారికి పని లేదు. ఒకే ఊరిలో, ఒకే బావి నీరు త్రాగే ఇద్దరు మనుషులు రెండు వేర్వేరు రాజకీయ లోకాలలో బ్రతికారు.

ఈ గోడను పడగొట్టినది మన రాజ్యాంగం. రాజ్యాంగ పరిషత్తు 1947లోనే ప్రత్యేక ఓటర్ల జాబితాలను తోసిపుచ్చింది. మైనారిటీలకు స్థానాలు కేటాయించాలన్న ప్రతిపాదనను కూడా 1949లో విడిచిపెట్టింది. అటువంటి కేటాయింపు మనకు మేలు చేయదని, అది మనలను తక్కినవారి నుండి ఎల్లకాలం వేరుగానే ఉంచుతుందని వాదించిన ముస్లిం సభ్యులలో బేగం ఐజాజ్ రసూల్ ఒకరు. మతం, జాతి, కులం, స్త్రీపురుష భేదం కారణంగా ఎవరినీ ఓటర్ల జాబితా నుండి తొలగించరాదని, అందరికీ ఒకే జాబితా ఉండాలని రాజ్యాంగంలోని 325వ అధికరణం చెబుతున్నది. ఇందులోని విశేషాన్ని మన విద్యార్థులు గుర్తించాలి. ఉమ్మడి జాబితా వచ్చిన నాటి నుండి అభ్యర్థి ఏ మతస్థుడైనా మన గడపకు రావలసినవాడే. మనవాడు అయినంత మాత్రాన ఎవరూ మన ఓటుకు వారసుడు కాడు. ఏడు దశాబ్దాలకు ముందు పెద్దలు పడగొట్టిన ఆ గోడను, చాయ్ కప్పుల మధ్య మనమే మళ్ళీ కట్టుకొంటున్నామా అన్నది మా సందేహం.

ఇక మన రాష్ట్రాల ఎన్నికల చరిత్రను చూద్దాము. వయోజనులందరూ ఓటు వేసిన మొదటి ఎన్నికలు 1952లో పూర్తి అయినవి. మద్రాసు శాసనసభలో 375 స్థానాలుండగా కాంగ్రెసుకు 152 మాత్రమే దక్కినవి. ఎవరికీ సంఖ్యాబలం లేదు. చివరకు గవర్నరు చేత ఎగువసభకు నియమితులైన రాజగోపాలాచారి గారు ముఖ్యమంత్రి అయినారు. సామాన్యుని చేతికి ఓటు వచ్చిన తొలినాడే, గెలుపు ఎవరి జేబులోనూ లేదని తేలింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికను అనుసరించి రాజధాని మన రాయలసీమకు దక్కింది. కర్నూలులో గుడారాలు వేసి కార్యాలయాలు నడిపిన సంగతి ఆ తరం పెద్దలు కథలుగా చెప్పేవారు. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. తుపాకీకి రొమ్ము చూపిన ధీరుడాయన. అటువంటి వ్యక్తి మద్రాసు ముఖ్యమంత్రిగా 1946లో పదవికి వచ్చి, ఏడాది తిరగకుండానే 1947లో స్వపక్షం వారి చేతనే దిగిపోవలసి వచ్చింది. ఆంధ్ర రాష్ట్రంలో 1954 నవంబరులో మద్యనిషేధ విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ఆయన మంత్రివర్గం పడిపోయింది. ఎంత గొప్ప నాయకుడైనా సభకు జవాబుదారి అన్న నీతిని ఆ గుడారాల రాజధాని నేర్పింది. నేడు ఒక్క ఓటుకు మంత్రివర్గం మాట అటుంచి, ఒక మంత్రి మనస్సు మారినా వింతగా చెప్పుకొంటాము.

ఆ తరువాత 1955లో వచ్చిన మధ్యంతర ఎన్నికలు ప్రతి విద్యార్థీ తెలుసుకోదగినవి. 1952లో ఆంధ్ర ప్రాంతంలో కమ్యూనిస్టులు 41 స్థానాలు గెలుచుకున్నారు. 1955లో వారికి పోలైన ఓట్లు అంతకుముందుకంటె పెరిగి నూటికి 31 వరకు వచ్చినవి. కాని 196 స్థానాల సభలో వారికి దక్కినవి 15 మాత్రమే. కారణం స్పష్టమే. కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఒక్క కూటమిగా నిలబడి 146 స్థానాలు తీసుకున్నవి. అంతకుముందు చీలిన ఓట్లు ఈసారి ఒకచోట చేరినవి. నియోజకవర్గంలో ఎవరికి ఒక్క ఓటు ఎక్కువ వస్తే వారే గెలుస్తారన్నది మన పద్ధతి. ఓడినవారికి పడిన ఓట్లకు సభలో నాలుక ఉండదు.

ఈ లెక్క 1955తో ఆగిపోలేదు. 1994లో కాంగ్రెసుకు దాదాపు నూటికి 34 ఓట్లు వచ్చినా 294 స్థానాల సభలో 26 మాత్రమే దక్కినవి. 2004లో తెలుగుదేశానికి నూటికి 37 పైగా ఓట్లు వస్తే 47 స్థానాలు. రాష్ట్ర విభజన తరువాత 2014లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం, వై.ఎస్.ఆర్. కాంగ్రెసు రెండింటికీ విడివిడిగా నూటికి 45కు కొంచెం తక్కువగా, దాదాపు సమానంగా ఓట్లు వచ్చినవి; స్థానాలు మాత్రం 102, 67. 2019లో తెలుగుదేశానికి నూటికి 39 ఓట్లు, 23 స్థానాలు. 2024లో వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు నూటికి 39 ఓట్లు, 11 స్థానాలు. ప్రతి పదిమందిలో నలుగురు తిరస్కరించినా, గెలిచిన పార్టీ సభ అంతా నిండిపోతుంది. దానిని చూచి గెలిచినవారు రాష్ట్రమంతా తమ వెంటే ఉన్నదని నమ్ముతారు. అయిదేళ్ళకు ఆ నమ్మకమే వారిని ముంచుతుంది. గెలిచినవారి అహంకారాన్నీ, ఓడినవారి అలకనూ రెండింటినీ మనం చూచినాము. 2017 చివరి నుండి ఒక ప్రధాన ప్రతిపక్షం సభకు వెళ్ళడమే మానుకున్నది. 2021 నవంబరులో మరొక ప్రతిపక్ష నాయకుడు ముఖ్యమంత్రిగానే తిరిగి వస్తానని చెప్పి సభ విడిచివెళ్ళారు. 2024లో అలాగే తిరిగి వచ్చారు. పంతం నెగ్గినవారికి సంతోషమే. మధ్యకాలంలో మన తరఫున సభలో ప్రశ్న అడిగేవారు తగ్గిపోవడమే మన నష్టం.

ఈ అంకెలలో మన సమాజానికి సంబంధించిన ఒక నీతి దాగి ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలు నూటికి తొమ్మిది, పది మధ్య ఉన్నారు. నూటికి అయిదారు ఓట్లు అటు ఇటు అయితే ప్రభుత్వాలు తారుమారవుతున్న రాష్ట్రాలు మనవి. అటువంటిచోట మన ఓటుకు ఎంత విలువ ఉండాలి? కాని ఆ విలువ ఒక షరతు మీద ఆధారపడి ఉన్నది. ఆ ఓటు ఎటు పడుతుందో ముందుగా తెలియకూడదు. ఇది ఎలాగూ మనదే అని ఒక పార్టీ అనుకున్న ఓటును ఆ పార్టీ వెతుక్కుంటూ రాదు. ఇది ఎలాగూ మనది కాదని మరొక పార్టీ అనుకున్న ఓటు కొరకు ఆ పార్టీ శ్రమపడదు. మొదటివారికి చులకన, రెండవవారికి నిరాశ. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత మనవారు ఊరికే చెప్పలేదు. మన మొహల్లాలను పార్టీలు పెరటి చెట్లుగా చూస్తున్నవంటే, ఆ చెట్టును పెరటిలో నాటి అప్పగించినది మనమే.

ఓటు బ్యాంకు అన్న మాటను మనలను ఉద్దేశించి ఎవరైనా అంటే మనకు కోపం వస్తుంది. రావలసినదే. అది అవమానకరమైన మాట. మనిషిని మనిషిగా కాక మూటగా లెక్కించే మాట. కాని కోపగించుకున్న తరువాత ఒక క్షణం ఆగి ఆలోచించాలి. బ్యాంకులో సొమ్ము దాచినవాడికి పాసుపుస్తకం ఉంటుంది, వడ్డీ ఉంటుంది, కావలసినప్పుడు తీసుకునే హక్కు ఉంటుంది. మన వీధి సమావేశంలో ఇచ్చివేసిన ఓట్లకు ఏ పాసుపుస్తకం ఉన్నది? లాభం ఎవరి ఖాతాలో పడుతున్నది? మధ్యవర్తికి ఒక నామినేటెడ్ పదవి, ఒక కాంట్రాక్టు దక్కవచ్చు. వీధిలోని మురుగు కాలువ మాత్రం మరుసటి ఎన్నికల వరకు అట్లే పారుతుంది. ఓడ దాటేదాకా ఓడ మల్లయ్య, ఓడ దాటాక బోడి మల్లయ్య.

దీనికి పెద్దలు చెప్పే సమాధానాన్ని మేము గౌరవంతో విన్నాము. "మనం కొద్దిమందిమి. చీలిపోతే మన మాట ఎవరూ వినరు. ఒక్కటిగా ఉండటమే మన బలం. మీరు చిన్నవాళ్ళు, మీకు తెలియదు" అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. పైన చెప్పిన 1955 ఎన్నికలే ఐక్యత ఎంత పని చేస్తుందో చూపుతున్నవి. భయం వెంటాడే రోజులలో, ఇంటికీ ప్రాణానికీ రక్షణ కావలసిన రోజులలో, మనుషులు ఒక్కచోట చేరడం తప్పు అనడానికి మాకు నోరు రాదు. ఆ భయాన్ని పుట్టించేవారిదే మొదటి తప్పు. ఒక వర్గాన్ని బూచిగా చూపి మరొక వర్గం ఓట్లు పోగుచేసే రాజకీయం ఎవరు చేసినా అది దేశానికి చేటు. మతం, కులం, భాష పేరిట ఓటు అడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం క్రింద అవినీతికరమైన చర్య అని, అభ్యర్థి మతమే కాక ఓటరు మతం పేరు చెప్పి అడిగినా అది అటువంటి చర్యేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు స్పష్టం చేసింది. ఆ చట్టం మనలను కాపాడేది, మనలను కట్టివేసేది కూడా. ఇతరుల వేదికపై తప్పైనది మన వేదికపై ఒప్పు కాజాలదు.

అయితే ఐక్యత అన్నది ఏ విషయంలో? ఇదే మేము పెద్దలను అడుగుతున్నది. ఒక మనిషి వెనుక ఐక్యమైతే ఆ మనిషి అమ్ముడుపోయిన నాడు మనమందరం అమ్ముడుపోయినట్లే. ఒక ప్రశ్న వెనుక ఐక్యమైతే, ఆ ప్రశ్నకు ఏ పార్టీ సమాధానం చెబితే ఆ పార్టీ మన వైపు నడిచి వస్తుంది. ఉర్దూకు ద్వితీయ అధికార భాష హోదా ఇస్తూ తెలంగాణలో 2017లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోను చట్టాలు వచ్చినవి. వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు ఆ పని చేశాయి. సంతోషం. కాని చట్టం వచ్చినంత మాత్రాన బడిలో పంతులు రాడు. మన మండలంలోని ఉర్దూ మాధ్యమ పాఠశాలలో ఎన్ని ఉపాధ్యాయ పదవులున్నవి, ఎన్ని ఖాళీలున్నవి, పాఠ్యపుస్తకం ఏ నెలలో వచ్చింది అన్న ప్రశ్నలపై నలుగురూ ఐక్యం కావాలి. ఆ ప్రశ్నను అన్ని పార్టీల అభ్యర్థులకూ ఒకే మాటలతో వేయాలి. ఇదీ ఐక్యత అంటే.

ఆ ప్రశ్నలలో అధికభాగం మనకు మాత్రమే సంబంధించినవి కావు. ఆదోని, ఆలూరు ప్రాంతాల పల్లెల నుండి వర్షం లేని ఏడు పిల్లలతో సహా గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తి తీతలకు వలస వెళ్ళే కుటుంబాలను మేము చూచినాము. ఆ వాహనంలో రాముడూ ఉంటాడు, రహీమూ ఉంటాడు. బడి మానిన పిల్లలు ఇద్దరి పిల్లలూను. సాగునీరు, ఆసుపత్రి, మురుగు కాలువ, ఉద్యోగం అన్నవి మతం అడిగి రావు, మతం అడిగి పోవు. మన ప్రశ్నను పొరుగువాని ప్రశ్నతో కలిపి అడిగినప్పుడు దానికి బలం రెట్టింపవుతుంది. ఉమ్మడి ఓటర్ల జాబితా మనకు నేర్పదలచిన పాఠం కూడా ఇదే.

ఇక పార్టీల లోపలి సంగతి కొంత చెప్పాలి. 1978 నుండి 1982 వరకు అయిదేళ్ళలో మన రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులు వచ్చారు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ప్రజలు వారిని మార్చలేదు, ఢిల్లీ మార్చింది. ఆ అసంతృప్తి మీదనే 1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టి, పది నెలలు నిండకుండానే 1983 జనవరిలో రెండు వందలకు పైగా స్థానాలతో అధికారానికి వచ్చింది. పార్టీ పాతదా కొత్తదా అన్నది ఓటరు చూడలేదు, తన ఆత్మగౌరవాన్ని చూచుకున్నాడు. 1984 ఆగస్టు 16న గవర్నరు రాంలాల్ ఎన్.టి. రామారావు మంత్రివర్గాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావుకు పదవి అప్పగించినప్పుడు, ప్రజలు వీధులలోకి వచ్చారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, ఆ తప్పు దిద్దబడింది. తెలుగు ఓటరు చరిత్రలో ఇది గర్వించదగిన ఘట్టం. ఎందుకంటే ఆనాడు ప్రజలు ఓటు వేసి ఇంటికి వెళ్ళి పడుకోలేదు. తాము వేసిన ఓటు ఏమైనదని మరల వచ్చి అడిగారు.

ఆ మరుసటి సంవత్సరం, 1985లో, 52వ రాజ్యాంగ సవరణ ద్వారా ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. 2003 నాటి 91వ సవరణ దానిని మరికొంత బిగించింది; మూడింట ఒక వంతు చీలిక అన్న సందు మూసివేసి, మూడింట రెండు వంతుల విలీనాన్ని మాత్రం మిగిల్చింది. అయినా ఏమైంది? 2014లో ఆంధ్రప్రదేశ్‌లో గెలిచిన ప్రతిపక్ష సభ్యులలో 23 మంది పాలకపక్షం వైపు వెళ్ళారు, వారిలో నలుగురు మంత్రులు కూడా అయినారు. తెలంగాణలో 2018లో గెలిచిన 19 మంది కాంగ్రెసు సభ్యులలో 12 మంది 2019 జూనులో పాలకపక్షంలో విలీనమైనారు. చట్టం తలుపు మూస్తే కిటికీ వెతుక్కునేవారు ఎప్పుడూ ఉంటారు. ఒక జెండా చూపి ఓటు అడిగి మరొక జెండా కప్పుకున్నవానిని ఆపగలిగినది అతని నియోజకవర్గపు ఓటరు ఒక్కడే. కాని ఆ ఓటరే "మనవాడు కదా, ఎటు వెళ్తే మనకేమి" అనుకుంటే ఏ సవరణ ఏం చేస్తుంది?

ఉర్దూలో అమానత్ అని ఒక మాట ఉన్నది. ఒకరిని నమ్మి వారి వద్ద భద్రంగా ఉంచమని అప్పగించిన సొమ్ము అని దాని అర్థం. తెలుగులో తాకట్టు అని మరొక మాట ఉన్నది. అవసరానికి డబ్బు తీసుకుని, వస్తువును ఇతరుల చేతిలో పెట్టడం. రెండింటిలోనూ వస్తువు పరుల చేతిలోనే ఉంటుంది. కాని తేడా చాలా పెద్దది. అమానత్‌గా ఇచ్చినవాడు ఎప్పుడు వెళ్ళి అడిగినా పుచ్చుకున్నవాడు లెక్క చెప్పాలి. తాకట్టు పెట్టినవాడు అడగడానికే సిగ్గుపడతాడు, ముందే డబ్బు తీసుకున్నాడు కనుక. ఎన్నికల ముందు రాత్రి పంచే నోటు తీసుకున్న చేయి, తరువాత అయిదేళ్ళు అర్జీ పట్టుకుని కూడా ధైర్యంగా ముందుకు చాపలేదు. మన ఓటు పార్టీ వద్ద అమానత్‌గా ఉండాలి గాని తాకట్టుగా ఉండరాదు.

తోటి విద్యార్థులకు మా మనవి ఇది. 61వ రాజ్యాంగ సవరణ ఫలితంగా 1989 నుండి 18 సంవత్సరాలకే ఓటు వచ్చింది, అంతకుముందు 21. మన తండ్రులలో, తాతలలో చాలామందికి డిగ్రీ పూర్తయ్యేవరకు లేని హక్కు మనకు కళాశాలలోనే దక్కింది. ఇప్పుడు సంవత్సరంలో నాలుగు తేదీలను బట్టి, అనగా జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటవ తేదీలను బట్టి, పేరు నమోదుకు అవకాశమున్నది. ఆరవ నంబరు ఫారం నింపడానికి పావుగంట చాలు. అభ్యర్థి తన ఆస్తులు, అప్పులు, చదువు, తనపైనున్న కేసుల వివరాలు ప్రమాణపత్రంలో ఇవ్వాలన్న నియమం సుప్రీంకోర్టు తీర్పుల వలన వచ్చింది. వాటిని చదవండి. ఎవరూ నచ్చకపోతే ఆ మాట చెప్పడానికి 2013 నుండి నోటా కూడా ఉన్నది. కాని నోటా కంటె మంచి పని ఒకటున్నది. గెలిచినవాడు సభలో ఎన్ని ప్రశ్నలు అడిగాడో, మన ఊరి పేరు ఎన్నిసార్లు ఎత్తాడో ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచండి. అతడు మళ్ళీ ఓటుకు వచ్చిన నాడు ఆ పుస్తకం తెరిచి ముందుంచండి. అంతకు మించిన రాజకీయం మరొకటి లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా వినయపూర్వకంగా మూడు విషయాలు విన్నవిస్తున్నాము. మొదటిది, ప్రతి విద్యాసంవత్సరంలో ఒక రోజును ఓటరు నమోదుకు కేటాయించాలి. విద్యార్థినులకు ఆ రోజున ముందు వరుసలో స్థానం ఇవ్వాలి. రెండవది, గ్రంథాలయంలో శాసనసభ చర్చల ప్రతులు, పార్టీల ఎన్నికల ప్రణాళికలు తెలుగులోను, సాధ్యమైనంతవరకు ఉర్దూలోను ఉంచాలి. ఏడాదికొకసారి నమూనా శాసనసభ జరిపి, పాలకపక్షం వైపు కూర్చున్నవారిని మరుసటి వారం ప్రతిపక్షం వైపు కూర్చోబెట్టాలి. ఎదుటివారి బల్ల మీద నుండి చూచినప్పుడు సభ ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. మూడవది కొంచెం చెప్పడానికి సంకోచించే విషయం. ఇది ఏ ఒక్క సంస్థను ఉద్దేశించినది కాదు. మైనారిటీ విద్యాసంస్థల వార్షికోత్సవ వేదికలు ఎన్నికల సంవత్సరంలో ఒకే పార్టీ జెండా రంగుకు తిరగడం సర్వసాధారణమైంది. సంస్థకు నిధులు కావాలి, అనుమతులు కావాలి, అధికారంలో ఉన్నవారితో పని పడుతుంది. ఆ ఇబ్బంది మాకు తెలియనిది కాదు. కాని మైనారిటీ విద్యాసంస్థలు నడుపుకొనే హక్కు 30వ అధికరణం మనకు ఇచ్చినది, ఏ నాయకుని దయా కాదు. వేదికపైకి ఒకరిని పిలిచినప్పుడు ప్రశ్నలు వేసే అవకాశం విద్యార్థులకు కూడా ఇవ్వండి. పూలదండతో పాటు రెండు ప్రశ్నలు కూడా అందుకొని వెళ్ళనివ్వండి.

మేము వీధి పెద్దలను ధిక్కరించమని ఎవరికీ చెప్పడం లేదు. వారు చూచిన కష్టాలు మేము చూడలేదు. వారు కలిసి కూర్చోవడం మంచి అలవాటే, ఆ అలవాటు పోకూడదు. మా కోరిక చిన్నది. ఈసారి ఎన్నికలకు ముందు కుర్చీలు వేసినప్పుడు ఒక పార్టీ అభ్యర్థిని కాక అందరు అభ్యర్థులనూ పిలవండి. మా తల్లులకు, అక్కచెల్లెళ్ళకు కూడా కుర్చీలు వేయండి. మేము మా నోటుపుస్తకంతో వస్తాము. ప్రశ్నలు అడుగుదాము, సమాధానాలు విందాము, చాయ్ త్రాగుదాము. తరువాత ఎవరి ఇంటికి వారు వెళ్ళి, ఎవరి ఓటు వారే నిర్ణయించుకొందాము.